మహారాజశ్రీ సాఫ్ట్‌వేర్ గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ ఇంటర్వ్యూల విశ్లేషణ సాఫ్ట్‌వేర్ గారి దివ్యసముఖమునకు, అనంతపురం నుంచి ఐదో ఏడు నడుస్తున్న పీహెచ్‌డీ స్కాలర్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ కరెంటు తప్ప అంతా క్షేమం. అక్కడ తమరు క్షేమమని తలుద్దామంటే, నిన్న మధ్యాహ్నం రెండున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా నీలం చక్రం తిప్పుతూ "నాట్ రెస్పాండింగ్" అని తమరే సెలవిచ్చారు.

చక్రం సంగతి వదిలేస్తాను. ఉచిత దర్శనం గడువు అయిపోగానే లైసెన్సు కోసం నా ఫెలోషిప్‌లో ఎంత కోత పెట్టారో, అదీ వదిలేస్తాను. నా విండోస్‌లో కట్టిన ప్రాజెక్టు ఫైలు మా గైడ్ సార్ మ్యాక్‌లో తెరుచుకోకపోతే ఆయన నా వైపు చూసిన చూపు... సరే, అదీ పోనీండి. చక్రం ఆగాక తమరు ప్రసాదించిన పదాల పట్టిక ఉంది చూశారూ, దాన్ని మాత్రం వదల్లేను.

కళ్యాణదుర్గం వైపు ఊళ్ళలో ముప్పై రెండు మంది రైతులతో మాట్లాడాను. ప్రతి మాటా నేనే టైపు చేశాను. వెనకాల మేకలు, ట్రాక్టర్లు, "ఫస్టు కాపీ తాగు నాయనా" అనే అవ్వలు. అందులో ఒక పెద్దాయన గంటసేపు బోర్ల గురించి తప్ప ఇంకో మాట ఎత్తలేదు. "ఏడు బోర్లేసినా నాయనా. ఏడూ ఎండిపాయ. ఎనిమిదో బోరుకి నా పెండ్లాం కమ్మలు పాయ." అంటూ చెవి తమ్మె పట్టుకుని చూపించాడు, ఆమె చెవి కాదు, తనదే.

ఆయన ఇంటర్వ్యూలో 'బోరు' ఎన్నిసార్లు వచ్చింది అని అడిగితే తమరు చెప్పిన లెక్క మూడు. మూడంటే మూడు! 'బోర్లు' వేరట. 'బోరుకి' వేరట. 'బోర్లేసినా' ఎవరో, 'బోరెండిపాయ' ఇంకెవరో. ఇంగ్లీషులో రన్, రన్నింగ్ అంటే ఒక తల్లి బిడ్డలని ఇట్టే పట్టేస్తారు. తెలుగు మాట ఒక 'కి', ఒక 'తో' తగిలించుకుని గడప దాటితే చాలు, తమరికి పరాయిదైపోతుంది. 'వాన', 'వానకి', 'వానలు', 'వానొస్తే', 'వానే' అన్నీ వేరువేరు వరసల్లో కూర్చున్నాయి. ఈ జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తనీ ఇన్ని వాటాలు వేస్తే ఎవరి గొంతు తడుస్తుంది స్వామీ?

'శెనక్కాయ', 'చెనిక్కాయ', 'బుడ్డలు', చదువుకున్న రైతు ఒకాయన పట్టుబట్టి అన్న 'వేరుశనగ'. తమరి పట్టిక ప్రకారం ఇవి నాలుగు పంటలు. పంట మార్పిడి చేయండి, చేయండి అని అధికారులు మొత్తుకుంటే కానిది తమరు ఒక్క మధ్యాహ్నంలో చేసేశారు.

ఇంక తమరు గిమరు చాలు. హంద్రీ-నీవా జోలికి ఎందుకు పోయావు నువ్వు? మధ్యలో చిన్న గీత కనబడేసరికి 'హంద్రీ'ని ఒక వరసలో, 'నీవా'ని ఇంకో వరసలో పారేశావు. హంద్రీ కర్నూలు నది, నీవా చిత్తూరు నది. ఆ రెండు పేర్లూ కలిపిన కాలువకి శ్రీశైలం వెనక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తి పోయడానికి సీమ వాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూశారో నీకేం తెలుసు? ఒక్క క్లిక్‌తో విడగొట్టావు.

మీ జాతి 1980ల్లో ఆస్ట్రేలియాలో, జర్మనీలో పుట్టిన రోజుల్లో అయితే సర్దుకుపోయేవాణ్ణి. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో. అప్పటికి నేను పుట్టనే లేదు! జనం చెప్పిన మాటల్లోంచే సిద్ధాంతం అల్లుకోవాలనే గ్రౌండెడ్ థియరీ చెప్పిన గ్లేజర్, స్ట్రాస్‌లకు 1967లో నువ్వు లేవు, హాయిగా రాసుకున్నారు. మా సీనియర్ అక్క కత్తెర, రంగు పెన్నులు, హాస్టల్ గోడ పెట్టుకుని థీసిస్ ముగించి ఉద్యోగంలో చేరింది. ఆ గోడ మీద జిగురు మరకలు ఇంకా ఉన్నాయి.

ఆఖరున వర్డ్ క్లౌడ్, అంటే ఎక్కువసార్లు వచ్చిన మాటని పెద్దగా చూపించే మాటల మేఘం. వాన కురిపిస్తామంటూ మేఘమథనం అని విమానాలు తిరిగిన ఆకాశం ఇది, మేఘాలంటే మాకు అనుమానమే. నీ మేఘంలో 'అప్పు' కాస్తా 'అప్‌పు' అయింది. ఒత్తు ఊడింది గానీ ఒత్తిడి ఊడలేదు. 'స్త్రీ' ముక్కలై చుక్కల సున్నాలకు వేలాడుతోంది.

అన్నిటి నడుమ, అన్నిటికంటే పెద్దగా, చెక్కుచెదరకుండా ఒక మాట: 'ల్యా'.

వాన ల్యా. నీళ్ళు ల్యా. కూలి ల్యా. పిల్లోడు ఊర్లో ల్యా, బెంగుళూరు పోయినాడు. దానికి తోక తగిలే పని లేదు. వాక్యం అక్కడే ఆగిపోతుంది. అందుకే నువ్వు సరిగ్గా లెక్కపెట్టిన ఒకే ఒక్క మాట అదే అయింది. 641 సార్లు.

గైడ్ సార్‌కి వాట్సాప్‌లో పంపాను. "అది స్టాప్ వర్డ్ కదా, తీసేయ్" అన్నారు. ఇంగ్లీషులో 'ది', 'ఆఫ్' లాంటి పొట్టు నువ్వే చెరిగేస్తావు. తెలుగుకి నీ దగ్గర చేట లేదు కాబట్టి, ఏది పొట్టో ఏది గింజో నేనే చెప్పాలట. రైట్ క్లిక్ చేశాను. 'స్టాప్ లిస్టులో చేర్చు' అని అడిగావు. ఆ పెద్దాయన చెవి తమ్మె గుర్తొచ్చింది. క్యాన్సిల్ కొట్టాను.

బొమ్మ ప్రింటు తీసి, అక్క వాడిన గోడకే అతికించాను. సోమవారం సార్‌తో గొడవ ఎలాగూ ఉంది. ఆదివారం పొద్దున నిన్ను మళ్ళీ తెరుస్తాను. చక్రం మాత్రం తిప్పకు.

ఇట్లు,
ముప్పై రెండు ఫైళ్ళూ రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచుకున్న నీ విధేయుడు