ఎన్నటికీ పూడని చెరువుకు

తూర్పు అంటార్కిటికాలో అమెరీ మంచు పలక వెనుక నివాసముండే, నేల పగిలి కుంగిన లోయ లాంబర్ట్ గ్రాబెన్ గారికి, నల్లగొండ చెరువుకట్టల మీది జియాలజీవాళ్లం రాయునది ఏమనగా:

ఇక్కడ మేం క్షేమం, మా చెరువులే కాదు. సాగర్ కట్టిన కొత్తలో 408 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి 312కు దిగింది. తమరు మాత్రం పర్మియన్, ట్రయాసిక్ కాలాల్లో (సుమారు 30 నుంచి 20 కోట్ల ఏండ్ల కింద) రెండు కిలోమీటర్లకు పైగా ఇసుక, ఒండ్రు, బొగ్గు మింగిండ్రు. పూడికతీత కంట్రాక్టు ఎవరిదండీ?

మర్మం మాకు తెలుసు. అడుగు నిలవని చెరువు మీది. భూమి పెంకు రెండు దిక్కులా సాగి, పలచబడి, నెర్రెలు బారింది. నడిమి దిమ్మె కిందికి జారింది. అంతటితో ఆగితే మా చెరువు లెక్కనే పూడేది. కానీ పెంకు సాగిన చోట పైకొచ్చిన వేడి మాంటిల్, అంటే పెంకు కింది రాతి పొర, చల్లారుతూ బరువెక్కుతది, కోట్ల ఏండ్లు కుంగుతనే ఉంటది. పడ్డ మట్టి కూడా తన బరువుతో తనకే జాగా చేసుకుంటది: కిలోమీటరు లోతు నీళ్లున్న చోట మట్టి నింపబోతే, అడుగు దిగి దిగి రెండు కిలోమీటర్లకు పైనే పడుతది. ఈ సంగతి మా కంట్రాక్టర్లకు తెలిస్తే ఎస్టిమేట్లు రెట్టింపైతయి.

ఇంకో పేచీ. దక్షిణాది ఖండాలన్నీ గోండ్వానా అనే ఉమ్మడి కుటుంబమప్పుడు, చలికాలంలో ఆకు రాల్చిన గ్లోసోప్టెరిస్ చెట్లు మీ దగ్గరా, మా గోదావరి లోయలోనూ బొగ్గైనయి. నల్లగొండ వాటాకొచ్చింది, వాడపల్లి దిక్కు సున్నపురాయి తప్పితే, గ్రానైటే. పంపకాలు చేసిన పెద్దమనిషి ఎవరో! అయినా మీ బొగ్గు జోలికి రాం, 1991 మాడ్రిడ్ ఒప్పందం అక్కడ గని తవ్వకాలను వద్దన్నది.

3.4 కోట్ల ఏండ్ల కింద మంచు కిరాయికి దిగింది. మూడు కిలోమీటర్ల మందం పేరుకుంటే కింది నేల సుమారు 800 మీటర్లు కుంగుతది. ఈ కిరాయిదారు ఊరకుండే రకం కాదు, గోడలు గీకి ఆ పెళ్లలు మీ ముందరి సముద్రం, ప్రిడ్జ్ ఖాతంలో పోసిండు. సముద్రంలో తేలిన మంచుగడ్డలు కరిగి, మెత్తటి బురదలో ఒంటరి బండలను జారవిడిచినయి. వాటిని చూసి వరద తెచ్చిన బండలని రాసుకుంటే లెక్క తప్పినట్టే: బండను దొర్లించే వరద బురదను ఉంచుతదా?

ఆ ఖాతం ఒడ్డునే 2012 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం భారతి స్టేషన్ ఉన్నది. వాళ్ల చేతికి మీ అడుగు కుంగే విద్య కొంచెం ఇచ్చి పంపండి, పానగల్ ఉదయసముద్రంలో వాడి చూస్తం. అడుగు దిగితే చాలు, కట్ట దిగొద్దు.

ఇట్లు,
పూడిక బాధితులు