ఖాతా మూసేస్తే అడిగేదెవర్ని?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో రాత్రి పదకొండు దాటాక అసలు పని మొదలుపెట్టే తెలుగు కుర్రాళ్లు కొందరున్నారు. పగలు కంపెనీ కోడు, రాత్రి సొంత కోడు. వారిలో మదనపల్లె నుంచి వచ్చిన ఒకతను టమాటా రైతుల కోసం యాప్ చేశాడు. మదనపల్లె, కోలారు మార్కెట్లలో ఆ పూట బాక్సు ఎంత పలికిందో చెబుతుంది. నెలకు 30 రూపాయలు. ఓ రోజు పొద్దున లేచేసరికి యాప్ స్టోర్‌లో అతని డెవలపర్ ఖాతా లేదు. ఏ స్టోర్ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. 'నిబంధనలు ఉల్లంఘించారు' అని మెయిల్ వచ్చింది. ఏ నిబంధన, ఎక్కడ? అప్పీలు పెడితే గంటలోపే అదే వాక్యం తిరిగొచ్చింది, కామా కూడా మారకుండా.

స్టోర్లతో చిన్న డెవలపర్ల పేచీ అనగానే యాప్ రాబడిలోంచి స్టోర్ కోసుకునే కమీషనే అందరికీ గుర్తొస్తుంది. అదీ తక్కువ బాధ కాదు. ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల దాకా 15 శాతం, ఆపైన 30 శాతం అని గూగుల్ 2021లో రేటు పెట్టింది. గూగుల్ యాప్ స్టోర్ 'ప్లే'లో డబ్బు తన బిల్లింగ్ ద్వారానే కట్టించుకోవాలన్న తీరుపై మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ సీసీఐ 2022 అక్టోబరులో రూ.936.44 కోట్ల జరిమానా వేసి, వేరే చెల్లింపు మార్గాలకు దారివ్వమంది. ఇచ్చారు. కానీ వేరే చెల్లింపు గేట్‌వే వాడుకుంటే కమీషన్‌లో తగ్గించింది 4 పాయింట్లే. గేట్‌వే వాళ్లకిచ్చేది పోతే మిగిలేవి టీ డబ్బులు. ఆ జరిమానా కూడా 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో రూ.216.69 కోట్లకు దిగింది. అయినా కమీషన్ ఎంతో ముందే తెలుస్తుంది, లెక్క వేసుకోవచ్చు. ఖాతా ఎందుకు పోయిందో చెప్పే మనిషే దొరకకపోవడం మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది.

2024 మార్చి 1న ఫీజు గొడవలో చెన్నైకి చెందిన భారత్ మ్యాట్రిమోనీతో పాటు మరికొన్ని భారతీయ కంపెనీల యాప్‌లను గూగుల్ తీసేసింది. కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ కల్పించుకున్నారు, చర్చలకు పిలిచారు, రోజుల్లోనే యాప్‌లు వెనక్కొచ్చాయి. సంతోషం. మారతహళ్లి కుర్రాడి కోసం ఏ మంత్రి పిలుస్తారు? లాయరు నోటీసు ఖర్చే అతని యాప్ రాబడిని మింగేస్తుంది.

వడపోత వద్దని మేము అనడం లేదు. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు మన దగ్గర ప్రాణాలు పోయినప్పుడు స్టోర్లు ఏం చేస్తున్నాయని అందరం అడిగాం. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవారు విడుదలకు ముందు 12 మందితో 14 రోజులు ఆపకుండా యాప్‌ను పరీక్షింపజేయాలన్న ప్లే నిబంధన వెనకా అలాంటి జాగ్రత్తే ఉండొచ్చు. (మొదట 20 మంది అన్నారు. రూమ్మేట్లు, బావమరుదులు అయిపోయాక ఊళ్లో అమ్మ ఫోను దాకా వెళ్లాల్సిందే!) కానీ దొంగ కోసం వేసిన వలలో దొర పడితే ముడి విప్పేవాడొకడు ఉండాలి కదా.

ఐరోపాలో 2020 జులైలో అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం వ్యాపారి ఖాతాను పూర్తిగా మూసేయాలంటే, కొన్ని మినహాయింపులు పోను, 30 రోజుల ముందే కారణాలు రాసివ్వాలి. పెద్ద టెక్ కంపెనీలకు హద్దులు గీయడానికి ఉద్దేశించిన మన డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో బయటికొచ్చింది. ఏ కంపెనీ ఎంత పెద్దదైతే దాని కిందికి వస్తుందన్న వాదనల్లో అది నలిగింది. అందులో ఈ కొద్దిపాటి మాటలూ చేర్చాలని కేంద్రాన్ని కోరుతున్నాం: తీసేసేముందు కారణం రాసివ్వాలి, అప్పీలును మెషిన్ కాకుండా మనిషి చూడాలి, జవాబుకు గడువుండాలి, అప్పటిదాకా వసూలైన డబ్బు పట్టి ఉంచకూడదు.

మదనపల్లె కుర్రాడి రెండో అప్పీలుకు ఇంకా జవాబు రాలేదు. ఈలోగా అతను రోజూ మార్కెట్లో ఉన్న మేనమామకు ఫోన్ చేసి, ధరలు కనుక్కుని, చేత్తో టైప్ చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు. గ్రూపులో 30 రూపాయలు అడగడానికి మొహమాటమట.