నాయన కాలి కింద డ్రిప్పు

మా చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్పు, అంటే చెట్ల మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు వదిలే పైపులు, శాంక్షన్ అయిన రోజు నాయన అనంతపురం దగ్గరి మా ఊరి నుంచి బెంగళూరుకు ఫోన్ చేసి, "తొంభై పర్సెంట్ గవర్నమెంటు ఇస్తుందిరా, మిగిలిన పది నువ్వు పంపు" అన్నాడు. అంటే ఆయన లెక్కలో సబ్సిడీ నూటికి నూరు.

2003లో ఈ సూక్ష్మ నీటిపారుదల ప్రాజెక్టు మొదలైనప్పుడు నాయన నమ్మలేదు. "చెట్టుకు చుక్కలు పొయ్యడమేంది, పోలియో చుక్కలా?" అన్నాడు. మూడు బోర్లు ఎండాక నమ్మకం కుదిరింది.

పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు కాగితాలు అన్నీ సాఫీగా అయిపోయాయి. పైపులు పరిచారు. సరిగ్గా అప్పుడే మోటారు కాలి వైండింగుకు పోయింది. ఇరవై రోజులు లేటరల్ పైపులు, అంటే చెట్ల వరుసల వెంట పరిచే సన్న పైపులు, ఎండలో పడున్నాయి. వాటిలో నీళ్లుంటాయని ఉడతలకు ఎవరు చెప్పారో గానీ, ఒక్కో వరుసకు రెండు మూడు చోట్ల కొరికి పెట్టాయి. బొక్క ఉన్నచోట కోసి జాయినర్ వేస్తే సరిపోతుంది. జాయినర్లు తెచ్చే పని నాది. తెచ్చాను కూడా. పైపు పదహారు ఎం.ఎం., నేను తెచ్చినవి పన్నెండువి. ఇంజనీరింగ్ చదివించినందుకు నాయన నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

మళ్లీ టౌనుకు పోదామనుకునే లోపు తనిఖీకి ప్రాజెక్టు సారు వచ్చేశాడు. ఇస్త్రీ పంచె, కొత్త తలపాగాతో నాయన తోటలోకి దిగాడు. తోటలో రైతును నిలబెట్టి, అక్షాంశం రేఖాంశం పడేలా ఫొటో తీయాలట. మోటారు వేశాం. మొదటి వరుసలోనే మూరెడు ఎత్తున నీళ్లు చిమ్మాయి. నాయన చటుక్కున దాని మీద కాలు పెట్టి, ఏమీ ఎరగనట్టు మేఘాల వైపు చూశాడు. మేఘాలు లేవు.

సారు వంగి ముందున్న డ్రిప్పరు, అదే చుక్కలు వదిలే బిళ్ల, చూశాడు. "గంటకు నాలుగు లీటర్లు పడాలే, చుక్క కూడా రాలేదే?"

ఎట్లా వస్తుంది? పైపును నాయన తొక్కిపట్టి ఉన్నాడు కదా.

"నాయనా, కాలు తియ్యి" అన్నాను మెల్లగా.

"తీస్తే కనపడతుంది రా."

చివరికి కొంచెం తీశాడు. డ్రిప్పరు పలికింది, బొక్క కూడా పలికింది, సారు చొక్కా తడిసింది. పక్క వరుసలో ఇంకోటి లేచింది. అమ్మ పరుగున పోయి దాని మీద కూర్చుంది. "ఎండకు కళ్లు తిరిగినాయి సార్" అని చెప్పింది గానీ, కొంగు కింద నుంచి నీళ్లు కాలువ కట్టాయి. నీళ్లు ఆదా చేసే పథకం కింద ఆ పూట మా తోటలో పారినన్ని నీళ్లు గత ఎండాకాలం మొత్తం పారలేదు.

సారు చొక్కా పిండుకుంటూ నవ్వాడు. "ఉడతలా? అందరికీ ఉన్నదేలే పెద్దాయనా. జాయినర్లు వేసి కబురు పెట్టండి, మళ్లీ వస్తా. ఈ ఫొటో మాత్రం గుర్తుగా తీస్తా" అన్నాడు.

ఆ ఫొటో ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఉంది. ఒంటికాలి మీద నాయన, నేల మీద అమ్మ, కింద అక్షాంశం రేఖాంశం. తలపాగా వంకరగా వచ్చింది, అట్లాగే నిలబడి మళ్లీ తీయించుకుందామని నాయన. "ఈసారి బొక్క మీద కూర్చునేది నా కొడుకే" అని నన్ను చూపిస్తూ అమ్మ.