పసుపైతేనేం, కుంకుమపువ్వైతేనేం

స్టాక్‌హోమ్‌లో డిసెంబరంటే పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, మధ్యాహ్నం మూడు కొట్టకముందే పొద్దుగూకుతుంది. ఆ చీకట్లో 13వ తేదీన లూసియా పండగ. తెల్ల గౌను, నడుముకి ఎర్ర రిబ్బను, నెత్తిన కొవ్వొత్తుల కిరీటంతో ఓ అమ్మాయి ముందు నడుస్తుంటే మిగతా పిల్లలు పాడుకుంటూ వెనక వస్తారు. మా ఐదేళ్ల పిల్ల ఈసారి డేకేర్లో కిరీటం తనే పెట్టుకుంటానని నెలరోజులుగా ప్రాణం తీసింది.

తెనాలి నుంచి వచ్చిన అమ్మేమో "పండగ పూట తెల్లబట్టలేంటి, పసిపిల్ల నెత్తిన మంటేంటిరా" అని గోల. మంట కాదమ్మా, బ్యాటరీ బల్బులని చూపించి కథ చెప్పాను. లూసియాది సిసిలీలోని సిరాక్యూస్. నేలమాళిగల్లో దాక్కున్న క్రైస్తవులకి అన్నం పట్టుకెళ్లేదట, రెండు చేతుల్లోనూ గిన్నెలే కాబట్టి దారి కనపడటానికి దీపాలు తలకే కట్టుకుందట. 304లో రోమన్లు చంపేశారు. స్వీడన్ 1753లో క్యాలెండర్ మార్చింది గానీ, పాత లెక్కలో ఏడాదికల్లా పెద్ద రాత్రి ఇదే అనేవాళ్లు. అమ్మ కాసేపు ఆలోచించి "అన్నం పెట్టిన తల్లన్నమాట. అయితే కట్టుకోనీ" అంది. తెల్లవారుజామున లేవడం, పాటలు, ప్రసాదం... మన ధనుర్మాసమే మూడు రోజులు ముందొచ్చిందని ఆవిడ లెక్క.

ఆ ప్రసాదం దగ్గరే నేను దొరికిపోయాను.

మా ఆవిడ ఆఫీసు పని మీద ఊరెళ్తూ ముప్పై లుస్సెకట్టర్ చెయ్యమని, కుంకుమపువ్వు మర్చిపోవద్దని మరీ మరీ చెప్పింది. ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా చుట్టిన పచ్చటి బన్నులవి, రెండు చుట్టల్లోనూ చెరో ఎండుద్రాక్ష. ఇక్కడ కుంకుమపువ్వు అర గ్రాము పొట్లాల్లో అమ్ముతారు, చాలా షాపుల్లో దొంగల భయానికి బిల్లు కౌంటర్ దగ్గరే పెడతారు. ధర చూసి వెనక్కొచ్చేశాను. కావాల్సింది రంగేగా? ఇంట్లో అమ్మ తెచ్చిన దుగ్గిరాల పసుపు కిలో ఉంది!

పిండి కలిపాక ఆ పచ్చటి ముద్దని చూస్తే నాకే ముద్దొచ్చింది. ఈస్ట్‌లో పోసే పాలు గోరువెచ్చగా, 37 డిగ్రీలుండాలట, నేను కాఫీకి కాచినట్టు పొగలు కక్కేవి పోశాను. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చూస్తే పిండి రాత్రి ఎంతుందో అంతే ఉంది. టెన్షన్‌లో అమ్మని లేపలేదు (లేపుంటే ఈ కథే లేదు). బజ్జీలు దేంతో పొంగుతాయి? వంటసోడాతో. మూడు చెంచాలు వేసి పిసికాను.

పిసికేకొద్దీ పిండి ఎర్రబడుతోంది. పసుపులో సున్నం కలిపితే ఎరుపెక్కుతుందని పారాణి చూసిన ప్రతివాడికీ తెలుసు. సోడాకీ అదే గుణముందని నాకప్పుడు తట్టలేదు. కాలితే సర్దుకుంటుందిలే అని ఓవెన్‌లో పెట్టాను. సర్దుకోలేదు. ఎర్రటి ముద్దల్లోంచి నల్లటి ఎండుద్రాక్షలు రెండేసి చొప్పున నన్నే చూస్తున్నాయి, అచ్చం దిష్టిబొమ్మలు.

డేకేర్లో పిల్లలు చీకట్లో బల్బులు వెలిగించుకుని వరసగా వచ్చారు. మా పిల్ల సగం మాటలు మింగేసి మిగతా సగం అందరికన్నా గట్టిగా పాడింది, నాకు కళ్లు చెమర్చాయి కూడా. తర్వాత లైట్లేశారు. అందరి బంగారు రంగు బన్నుల మధ్య నా పళ్లెం. ఒకాయన కొరికి, చాలాసేపు నమిలి, "ఇంట్రెస్సాంట్" అన్నాడు. అంటే ఆసక్తికరంగా ఉందని. స్వీడన్‌లో తిండి గురించి ఆ మాట పడిందంటే ఇక దానికి అప్పీలు లేదు. లుస్సెకట్టర్‌లో 'కట్' అంటే పిల్లి లెండి, పొడుగు టోపీ పెట్టుకున్న బుడ్డోడొకడు వచ్చి, ఈ పిల్లికి దెబ్బ తగిలిందా అని జాలిగా అడిగాడు.

ఇరవై ఎనిమిది బన్నులు ఇంటికి తిరిగొచ్చాయి. అమ్మ ఏమీ అనలేదు. ఒకటి తీసి మనవరాలి చుట్టూ మూడుసార్లు తిప్పి "అందరి కళ్లూ దీని మీదే, నాలుగు రోడ్ల కూడలిలో పారేసిరా" అంది. ఇక్కడ అలా పారెయ్యకూడదమ్మా, తిండి చెత్తకి వేరే సంచి ఉంటుంది, దాన్నుంచి గ్యాస్ తీసి సిటీ బస్సులు నడుపుతారు అని చెప్పాను.

"అయితే అందులోనే వెయ్యి. ఊళ్లో ఉన్న కూడళ్లన్నీ అదే తిరిగొస్తుంది."