‘కరెంటు పెట్టే’ గదిలో ఏం పని ఉంటుందో ఫీజు కట్టకముందే చెప్పండి

బైపీసీ అయిపోయి, నీట్ ర్యాంకు కలిసిరాక హన్మకొండలో పారామెడికల్ సీటు కోసం తిరిగే పిల్లలను అడిగి చూడండి. క్యాన్సర్‌కు కిరణాలతో చేసే వైద్యం రేడియోథెరపీ, ఊళ్లల్లో ‘కరెంటు పెట్టడం’ అంటారు. అందులో టెక్నాలజిస్టు అంటే ఏసీ గదిలో కూర్చుని బటన్ నొక్కే కొలువు అనుకుంటారు. ఇంట్లో అమ్మ లెక్క వేరు: “ఆ కరెంటు మన పిల్లకెందుకు, రేపు పెండ్లి కావాలె గద.” పిల్లలు అనుకునేది తప్పు. అమ్మ భయానికి జవాబు ఉంది, అది ఆమెదాకా రాదు.

బటన్ నొక్కడానికి పట్టేది క్షణం. అసలు పని అంతా అంతకుముందే. గొంతు క్యాన్సర్ రోగికి మాస్కు చేయడమే తీసుకోండి. ప్లాస్టిక్ షీటును సుమారు 70 డిగ్రీల వేడినీళ్లలో మెత్తబరిచి, ముఖం మీద పరిచి, నుదురు, ముక్కుదూలం, గదుమ దగ్గర వేళ్లతో ఒత్తాలి. కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. అది వదులైతే తల కదులుతుంది, కిరణం పక్కకు పడుతుంది. అదే మాస్కుతో 30, 35 సిట్టింగులు నడవాలి. రోజూ లేజర్ గీతలను చర్మం మీది గుర్తులకు కలపాలి. మిల్లీమీటర్లలో లెక్క. చేతులు పైకెత్తి పరికరాలు బిగించాలి, రోజంతా నిలబడాలి.

ఎత్తిదించడం ఇంకో సంగతి. క్యాన్సర్ వెన్నెముకకు పాకిన రోగిని స్ట్రెచర్ మీంచి టేబుల్ మీదికి మార్చేటప్పుడు కండబలం కన్నా పద్ధతి ముఖ్యం. తప్పుగా లేపితే గుల్లబారిన ఎముక విరుగుతుంది. మన దగ్గర ఈ పనికి చాలాసార్లు రోగి కొడుకో అల్లుడో చెయ్యేస్తాడు. ఎక్కడ పట్టుకోవాలో అతనికి చెప్పాల్సింది కూడా టెక్నాలజిస్టే.

తర్వాత రోగిని ఒంటరిగా వదిలి అందరూ బయటికి రావాలి. మీటరుకు పైగా మందమున్న కాంక్రీటు గోడ అడ్డం. ఇక కెమెరా, మైకు మాత్రమే. దగ్గు వినపడాలి, లేచిన చెయ్యి కనపడాలి, వెంటనే ఆపాలి. ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు కొందరికి ఊపిరి బిగబట్టించి కిరణం ఇస్తారు, గుండె కాస్త దూరం జరుగుతుందని. అప్పుడు మైకులో ‘శ్వాసను నిలిపి ఉంచండి’ అంటే ఏటూరునాగారం పెద్దమ్మకు ఏమర్థమవుతుంది? “దమ్ము వట్టు పెద్దమ్మా... కదలకు... ఆఁ, ఇగ ఇడువు” అనాలి. కోయ, లంబాడా పెద్దవాళ్లలో కొందరికి ఆ తెలుగు కూడా పరాయిదే. రోగికి అర్థమయ్యే మాటలో చెప్పగలగడం కూడా చూపు, వినికిడి లాంటి అర్హతే అని నా లెక్క. ఏ మెడికల్ సర్టిఫికెట్‌లోనూ దీనికి గడి ఉండదు.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. అప్పటినుంచీ మనం మాట్లాడుకున్నదంతా అంతస్తుల గురించే. లోపల మిషన్ దగ్గర నిలబడే చేతుల గురించి మాట వినలేదు.

ఈ పనికి ఒంట్లో ఏం సత్తువ, చూపు, వినికిడి కావాలో కాలేజీలు ఫీజు కట్టకముందే చెప్పాలంటున్నాను. అలా అర్హతలు ముందే రాసిపెట్టడమంటే వైకల్యం ఉన్నవాళ్లను వడబోయడం కాదు. 40 శాతం దాటిన వైకల్యం ఉన్నంత మాత్రాన ఎంబీబీఎస్ సీటు నిరాకరించరాదనీ, విద్యార్థి ఏం చేయగలడో చూడాలనీ సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. ‘రెండు చేతులూ సవ్యంగా ఉండాలి’ అన్న నిబంధనను 2025 ఫిబ్రవరిలో తప్పుపట్టింది. అవి వైద్యవిద్యకు సంబంధించిన తీర్పులే అయినా తర్కం ఇక్కడికీ వర్తిస్తుంది. వినికిడి యంత్రంతో మైకు, అలారం వినపడితే చాలు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లాడు లేజర్ గీతను, తెరమీది రంగులను పోల్చుకోగలడో లేదో ఒక పూట ఆ గదిలో నిలబెడితే తేలుతుంది. అయితే ఒక్కచోట నేను మెత్తబడను. కోబాల్ట్ మిషన్లో ఎప్పుడూ కిరణాలు వెలువరించే కోబాల్ట్ ముక్క (సోర్సు) వెనక్కి పోకుండా ఇరుక్కుంటే లోపలికెళ్లి రోగిని బయటికి తేవాలి. అక్కడ లెక్క సెకన్లలో ఉంటుంది. పరుగెత్తలేని విద్యార్థిని ఒంటరిగా ఆ డ్యూటీలో పెట్టకూడదు. తోడు ఇవ్వాలి, లేదా కరెంటుతో కిరణాలు పుట్టించే లైనాక్ మిషన్ వైపు వేయాలి. లైనాక్ ఆపితే కిరణమూ ఆగిపోతుంది, కోబాల్ట్ అలా కాదు.

ఇక అమ్మ ప్రశ్న. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. 16 నుంచి 18 ఏళ్ల శిక్షణార్థులకు ఏడాదికి 6 మాత్రమే. ఇంటర్ కాగానే చేరే పదిహేడేళ్ల పిల్ల ఈ రెండో లెక్కలోకే వస్తుంది. ఈ సంగతి ఎన్ని కాలేజీలు చెప్తున్నాయి? గర్భిణి అని తెలియజేశాక కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నింటికీ కలిపి 1 మిల్లీసీవర్ట్ మించకూడదు. అంటే డ్యూటీ మార్చాలి, చదువు మాన్పించడం కాదు. ఇదంతా ఛాతీ మీద పెట్టుకునే, రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ లెక్క కడుతుంది, అదీ రోజూ పెట్టుకుంటేనే. లాకర్లో వేలాడే బ్యాడ్జీ మూడు నెలల తర్వాత సున్నా చూపిస్తుంది, ఆ సున్నా చూసి ఇంట్లో అందరూ నిమ్మళంగా ఉంటారు.