అట్టపెట్టె మీది 1000 వాట్ల వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1000 వాట్ల వారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఉభయులంటే మీరూ, మిమ్మల్ని అచ్చు వేయించినవారూ. మీ కింద పెరుగుతున్న టమాటా నారు సంగతి తర్వాత మనవి చేస్తాను.

ఇంట్లో మొక్కలు పెంచే ఎల్‌ఈడీ లైటు కొందామని చూస్తే ముందు దర్శనమిచ్చేది మీరే. ఎర్రటి అంకెలు, పక్కన ఒక మెరుపు గుర్తు. ప్లగ్గుకీ లైటుకీ మధ్య వాట్ మీటరు పెట్టి చూస్తే మాత్రం తరచుగా 100 దగ్గర, మహా అయితే 200 లోపు కనిపిస్తుంది. మిగతా ఎనిమిది తొమ్మిది వందలు ఎటు పోయాయని అడిగితే మీ వాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి.

మొదటిది: "10 వాట్ల ఎల్‌ఈడీలు 100 ఉన్నాయి, హెచ్చవేసుకోండి." అయ్యా, 10 వాట్లన్నది ఆ చిప్పు తట్టుకోగల హద్దు. వంద కిలోల బస్తా మోయగలవాడు ఖాళీ చేతులతో నడుస్తుంటే వంద కిలోలు మోస్తున్నాడని రాసుకుంటామా? పైగా మీ పెట్టెలోని చిప్పులన్నింటికీ నిజంగా అంత కరెంటు ఇస్తే మొక్క కంటే ముందు అవే వాడిపోతాయి.

రెండోది వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది: "సమానం". దేనికి సమానం? పాత సోడియం దీపానికట. సరే, లెక్క చూద్దాం. వాట్ అంటే సెకనుకు ఒక జూలు శక్తి; ఫోటాన్లంటే వెలుగు రేణువులు, వాటిని లెక్కపెట్టే కొలత మైక్రోమోల్. మంచి సోడియం దీపం ఒక జూలు విద్యుత్తుకు సుమారు 1.7 మైక్రోమోల్ ఫోటాన్లు ఇస్తుంది. మేలురకం ఎల్‌ఈడీ లైటు 3 దగ్గర, కాస్త అటూ ఇటూ. అంటే రెట్టింపు కూడా పూర్తిగా లేదు. మీరేమో పదిరెట్లు అంటున్నారు. 100 వాట్ల మేలురకం లైటు సెకనుకు 300 మైక్రోమోల్ ఇస్తే, 1000 వాట్ల సోడియం దీపం 1700 ఇస్తుంది. మీ నిఘంటువులో 'సమానం' అంటే ఏమిటో గానీ, గణితంలో మాత్రం ఇది కాదు.

మీ బంధువర్గం గురించీ ఒక మాట. వెలుగును కొలిచే ల్యూమెన్ గారు మనిషి కంటి కోసం పుట్టినవారు. 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి పచ్చ కాంతికి ఎక్కువ మార్కులు వేస్తారు, ముదురు ఎరుపుకు దాదాపు సున్నా. మొక్కకు కళ్లు లేవు కదా! 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఎన్ని ఫోటాన్లు పడ్డాయన్నదే దాని లెక్క. ఇక "మొక్కకు పచ్చ అక్కర్లేదు" అంటూ గది మొత్తాన్ని ఊదా రంగులో ముంచే మీ తమ్ముడు ఏ రంగు వెలుగును ఆకు ఎంత వాడుకుంటుందో చెప్పే, 1972 నాటి మెక్రీ అనే శాస్త్రవేత్త కొలతలు చూడాలి. ఆకు పచ్చ కాంతిలో కొంతే వెనక్కి పంపుతుంది, ఎక్కువ భాగం వాడుకుంటుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీలు, వాటికి తోడు కొన్ని 660 నానోమీటర్ల ఎర్రవి పెట్టుకుంటే చాలు. ఆకు మీద మచ్చ వచ్చిందో లేదో మనకూ కనిపిస్తుంది. (ఊదా వెలుగులో అన్ని మొక్కలూ ఒకేలా జబ్బుపడ్డట్టు ఉంటాయి.)

ఇప్పుడు నారు సంగతి. చదరపు మీటరుకు సెకనుకు 200 మైక్రోమోల్ చొప్పున 12 గంటలు వెలిగిస్తే రోజుకు 8.64 మోల్ (మోల్ అంటే పది లక్షల మైక్రోమోల్). లెట్యూస్‌కి 12 నుంచి 17 కావాలి, కాయలు కాయాల్సిన టమాటాకు 20 దాటాలి. మీ కింద నారు సన్నగా, పొడుగ్గా సాగిపోతోంది. అది ఎదుగుదల కాదు, వెలుగు కోసం వెతుకులాట. మీ వాళ్లు ఇచ్చే కాంతి అంకేమో లైటుకు బెత్తెడు దూరంలో, సరిగ్గా మధ్యన, ఒక్కచోట కొలిచింది. మూలన ఉన్న కుండీకి ఆ అంకెతో పరిచయమే లేదు.

అందుకే కొందరం సొంతంగా కట్టుకుంటున్నాం. అల్యూమినియం పలక, దాని మీద ఎల్‌ఈడీ పట్టీలు, స్థిరమైన కరెంటు ఇచ్చే డ్రైవరు. తెల్ల చిప్పుకు సుమారు 3 వోల్టులు, వరుసగా 16 పెడితే 48 దగ్గర; డ్రైవరు వోల్టేజి పరిధిలో అది ఇమడాలి. వోల్టేజి స్థిరంగా ఇచ్చే సప్లైని నేరుగా తగిలిస్తే చిప్పు వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటుకు ఇంకా వేడెక్కుతుంది. కరెంటే స్థిరంగా ఉంటే ఆ గొడవ లేదు. చిప్పులు ఎక్కువ పెట్టి, ఒక్కోదాన్నీ దాని హద్దులో సగానికే నడిపితే అదే కరెంటు బిల్లుకు వెలుగు ఎక్కువ, వేడి తక్కువ. మీ పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు: చిప్పులు తక్కువ, బాదుడు ఎక్కువ, చల్లబరచడానికి గోలచేసే ఫ్యాను. ఆ ఫ్యాను తినే కరెంటు కూడా మీ ఖాతాలోనే పడుతోందని నా అనుమానం.

కాబట్టి తమరు పెట్టె మీద నుంచి దిగి, గోడ నుంచి నిజంగా లాగే వాట్లను, జూలుకు ఎన్ని మైక్రోమోలో, ఏ ఎత్తులో ఏ మూల ఎంత వెలుగు పడుతుందో చెప్పే పటాన్ని అక్కడ కూర్చోబెట్టవలసిందిగా ప్రార్థన. జవాబు రాసేటట్టయితే అసలు పేరుతో రాయండి. రెండంకెల పేరైనా ఏమీ అనుకోను.

ఇట్లు,
వాట్ మీటరు చేతబట్టుకున్న ఒక కొనుగోలుదారు