వెబ్ ఆప్షన్ల కంటే ముందే కొట్టివేసిన ఉద్యోగాలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, టీవీల్లో ప్రతి ఏడాదీ అదే పాట: పిల్లల ఇష్టం కనుక్కోండి, ఒత్తిడి పెట్టకండి. ఇక ఫైనల్ ఇయర్ వాళ్లకైతే కాలేజీవాళ్లే ఓ సైకాలజిస్టుని పిలిచి, రెండు గంటల సెషన్ పెట్టి, అందరిచేతా ఓ ఫారం నింపించి, నీకు మనుషులతో పని నప్పుతుంది, నీకు యంత్రాలతో నప్పుతుంది అని చెప్పి పంపిస్తున్నారు. భీమవరంలోనో అమలాపురంలోనో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ బీటెక్, చివరి సెమిస్టర్‌లో ఉన్న కుర్రాడు ఆ ముక్క ఇప్పుడు విని ఏం చేసుకుంటాడు?

నేననేది ఒక్కటే. మన గోదావరి డెల్టాలో కాలేజీ పిల్లలు కెరీర్ ఎంచుకోవడం లేదు. వాళ్లు కాలేజీ మెట్లెక్కేసరికే వాళ్ల మనసులోని జాబితాలో చాలా ఉద్యోగాలు కొట్టివేసి ఉంటున్నాయి. కొట్టివేసింది మనమే, అదీ ఎవరం గట్టిగా ఒక్క మాట అనకుండానే.

లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1981లో ఈ సంగతే రాసింది. పిల్లలు ఉద్యోగాన్ని ఏరుకోవడం కాదు, ముందు ఏరిపారేస్తారు అంటుందామె. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఇది ఆడవాళ్ల పని, ఇది మగవాళ్ల పని అని కొన్ని పోతాయి. తొమ్మిది నుంచి పదమూడు మధ్య పరువు లెక్క మొదలవుతుంది, ఇది మన స్థాయికి తక్కువ, అది మన వల్ల కాదు అని మరికొన్ని పోతాయి. సొంత ఇష్టమనేది లెక్కలోకి వచ్చేది పద్నాలుగు దాటాకే, అదీ మిగిలినవాటిలోనే. పైగా రాజీపడాల్సి వస్తే మనిషి మొదట వదులుకునేది ఇష్టాన్నే, పరువుని ఆ తర్వాతే వదులుతాడట. ఈ వరుస నిజమా కాదా అని పరిశోధకులు ఆ తర్వాత బాగానే తగువులాడుకున్నారు, ఆ తగువు వాళ్లు చూసుకుంటారు. తొమ్మిది నుంచి పదమూడు అన్న దగ్గర మాత్రం నాకు మన ఊళ్లే కనిపించాయి.

ఏ పెళ్లి భోజనాల దగ్గరైనా వినండి. మీవాడు ఎక్కడ చేస్తున్నాడండీ అని అడుగుతారు. అమెరికా అంటే పక్క బంతిలోవాళ్లు కూడా ఇటు తిరుగుతారు. హైదరాబాదంటే కంపెనీ పేరు అడుగుతారు. ఇక్కడేనండీ, రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు అంటే మాత్రం ఆహా అని, పులుసు ఇటు రానివ్వండి అంటారు. పక్కన కూర్చుని తింటున్న ఐదో తరగతి పిల్లాడికి ఎవరూ ఏమీ బోధించలేదు, కానీ వాడికి అర్థం కావాల్సిందంతా అర్థమైపోయింది. రొయ్యల మీద సంపాదించి మేడ కట్టినాయన కూడా కొడుకుతో ఈ పాట్లు నీకొద్దురా అనే అంటాడు, చెరువులు చేసుకునే కుర్రాడికి పిల్లనివ్వడానికి వెనకాడతాడు, ఆ పిల్ల పెళ్లి ఖర్చంతా చెరువుల మీద వచ్చిందే అయినా సరే! ఆడపిల్లల సంగతి ఇంకా చిత్రం. ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్యల తలలు తీసే పనికి ఊళ్లో ఆడవాళ్లు కావాలి, అదే చెరువు నీళ్లు పరీక్షచేసి వైరస్ ఉందో లేదో తేల్చే టెక్నీషియన్ ఉద్యోగం గురించి బైపీసీ చదివే అమ్మాయికి చెప్పే నాథుడుండడు. నీట్ రాకపోతే నర్సింగ్, అది కాకపోతే బీఈడీ, అంతే.

ఇక్కడ తల్లిదండ్రుల్ని మూర్ఖులని తిట్టేవాళ్లతో నాకు పడదు. వాళ్లది మూర్ఖత్వం కాదు, భయం. ఆ భయానికి తేదీలున్నాయి. 1986 ఆగస్టులో గోదావరి వరద. తొంభైల్లో టైగర్ రొయ్యకి తెల్లమచ్చ వైరస్ వచ్చి లీజుకి చెరువులు తీసుకున్నవాళ్లు నిలువునా మునిగిపోవడం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను, ఒక తరం పెంచుకున్న కొబ్బరి తోటలు తెల్లారేసరికి నేలమీద. 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు సార్వా, అంటే ఖరీఫ్ వరి, మానేసి క్రాప్ హాలిడే ప్రకటించడం. వనామి రకం రొయ్య వచ్చాక మళ్లీ కాస్త కళ్లు తెరిచారనుకుంటే 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది, ఇక్కడ కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే కౌంట్ రేట్లు కంగారుపడ్డాయి. వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ సుమారు రెట్టింపని కానెమన్, ట్వెర్‌స్కీ అనే సైకాలజిస్టుల పరిశోధన. వాళ్లు దీన్ని ప్రయోగాలు చేసి కనిపెట్టారు, మన తాతలకి ఆ ప్రయోగాల అవసరం లేకుండానే తెలుసు.

అందుకే ఇక్కడ బీటెక్ సీటంటే కలా కాదు, ఆశయమూ కాదు. గోదావరి రైతుకి ఎప్పుడూ సరిగ్గా అందని పంటల బీమా అది, కొడుకు పేరు మీద కట్టుకుంటున్నాడు. ఇది అర్థమైతే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. బీమా తీసుకునేవాడు ఈ పాలసీ నాకు ఇష్టమా అని అడుగుతాడా? పక్కింటివాడికి క్లెయిమ్ వచ్చిందా అని చూస్తాడు. మూడో వీధిలో ఒకడు డల్లాస్‌లో ఇల్లు కొన్నాడు కాబట్టి ఆ వీధి వీధంతా సీఎస్ఈ. ఇప్పుడేమో ఏఐ వచ్చింది, కంపెనీలు తీసేస్తున్నాయి, ఆఫర్ లెటర్ ఇచ్చి నెలల తరబడి జాయినింగ్ ఇవ్వడం లేదు, అయినా దారి మార్చుకునేవాడు లేడు, నాలుగేళ్లు ఫీజు కట్టాం కదా అన్నది కాళ్లకి అడ్డం. కొడుకు అమీర్‌పేట హాస్టల్లో ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సు నేర్చుకుంటూ ఉంటాడు, ఇంట్లో అడిగితే ట్రైనింగ్‌లో ఉన్నాడండీ అంటారు. ఇందులో ఎవరి టెన్షన్ వాళ్లది, ఎవరూ బయటికి చెప్పరు.

ఇష్టం, అభిరుచి ఇవన్నీ కడుపు నిండినవాళ్ల కబుర్లని అనేవాళ్లున్నారు. కూలికెళ్లే ఇంట్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యాన మొదటి ఇంజినీరు పుట్టాడు, ఆ ఇల్లు పెంకుటిల్లు నుంచి డాబా అయింది, వాడికి నీ ఇష్టం వెతుక్కో అని చెప్పడానికి మీరెవరు అంటారు. ఒప్పుకుంటాను, ఆ కుర్రాడితో నాకు పేచీ లేదు. కానీ పదెకరాల చెరువులున్నవాడి కొడుకూ అదే గేటు ముందు అదే వరుసలో ఎందుకు నిలబడ్డాడో ఆ వాదన చెప్పదు. పైగా పరువు లెక్కలో అది మన వల్ల కాదు అనే భాగం ఎక్కువ కాటేసేది పేదింటి పిల్లల్నే.

అసలు నన్ను ఎక్కువ మండించేది వేరే ఉంది. సివిల్ ఇంజినీరింగ్. మనం తినే అన్నం సివిల్ ఇంజినీరింగే కదా! 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ అనే బ్రిటిష్ ఇంజినీరు పూర్తిచేస్తేనే, పంట ఎండితే ఆకలి, వరదొస్తే మునక అన్నట్టుండే నేల పది లక్షల ఎకరాల మాగాణి అయింది. ఆయనకి ఊరూరా విగ్రహాలు పెట్టాం, దండలేస్తాం, పుష్కరాలప్పుడు పిండాలు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆయన చేసిన పని చదవమంటే మాత్రం మన పిల్లలు వెబ్ ఆప్షన్లలో అది చిట్టచివర పెడుతున్నారు, కంప్యూటర్ బ్రాంచ్ ఎక్కడా దొరక్కపోతేనే. ఇంకోవైపు డెల్టాకి నీళ్ల మనుషులు ఎప్పటికంటే ఎక్కువ కావాలి. డ్రెయిన్లు పూడిపోయి ఒక మోస్తరు వానకే సార్వా నాట్లు మునుగుతున్నాయి. తీరం దగ్గర భూమిలోకి ఉప్పు ఎక్కుతోంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లకి ఇళ్లే సముద్రంలో కలిశాయి. ఈ కాలువ లెవెలు తెలిసినవాడు, ఈ లాకు ఎప్పుడు ఎత్తాలో తెలిసినవాడు, ఏ చెరువు నీరు ఏ డ్రెయిన్‌లోకి పోతోందో తెలిసినవాడు రిటైరైపోతున్నాడు, వాడి కొడుకు మాత్రం ఎక్కడో బ్యాంకు యాప్‌లో బటన్ రంగు మారుస్తున్నాడు. కొడుకుని అనను. ఈ పనికి మనం ఇచ్చిన విలువ వాడికి చిన్నప్పుడే తెలిసిపోయింది.

కాబట్టి ఫైనల్ ఇయర్ కౌన్సెలింగ్‌కి పెట్టే డబ్బు, తీరిక ఏవైనా ఉంటే హైస్కూలుకి తీసుకెళ్లండి. ఇంటర్ బోర్డు 2025-26 నుంచి లెక్కలూ బయాలజీ కలిపి చదివే వీలు ఇచ్చింది, మంచిదే. కానీ కొట్టివేత జరిగేది ఏడో తరగతిలో అయితే ఇంటర్లో గ్రూపులు ఎన్ని కలిపినా ఏం లాభం? కార్పొరేట్ కాలేజీ పీఆర్వో పదో తరగతి పరీక్షలు అవ్వకముందే గుమ్మంలోకి వస్తాడు. ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీరు ఒక్కసారైనా జడ్పీ హైస్కూలు గుమ్మం తొక్కాడా? కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ ఉందని పాలకొల్లు పిల్లలకి ఎవరైనా చెప్పారా? నర్సాపురంలో ఫిషరీస్ యూనివర్సిటీకి 2022లో శంకుస్థాపన చేశారు, శిలాఫలకం చూసి ఏ తల్లీ పిల్లని పంపదు. జీతమెంత అని అడుగుతుంది, అడగాలి కూడా. ఆ జవాబు పట్టుకుని ఎవరో ఒకరు ఏడో తరగతి గదిలోకి వెళ్లాలి, వెళ్లినప్పుడు ఆ తల్లుల్నీ పిలవాలి. ఎందుకంటే పెళ్లి భోజనాల్లో మాట్లాడేది వాళ్లూ, వాళ్లాయనలూ.